వాసన రాని వాయువు

ఉక్కు ఫ్యాక్టరీలో ప్రమాదం అనగానే కరిగిన ఇనుమే గుర్తొస్తుంది. దాని వేడి దూరం నుంచే హెచ్చరిస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ మర్యాద కూడా లేదు. రంగుండదు, వాసనుండదు. 2018 జులై 12న తాడిపత్రి ఉక్కు ఫ్యాక్టరీలో ఆరుగురిని బలిగొన్నది ఈ విషవాయువే. అంతకు నాలుగేళ్ల ముందు భిలాయ్‌లోనూ ఆరుగురు పోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. హోదా చూసి ఆగే రకం కాదది. భద్రతా వారోత్సవాలకు మాత్రం బ్యానర్లు, ప్రతిజ్ఞలు, పెద్దలొస్తే శాలువాలు! మరమ్మతుకు దిగే కాంట్రాక్టు కార్మికుడి చొక్కాకు గ్యాస్ డిటెక్టర్ ఉందా అని అడిగే నాథుడేడీ? లైను మూయించకుండా, గాలి పరీక్షించకుండా పర్మిట్‌పై సంతకం పెట్టిన అధికారిపై కేసు పెట్టాలి. ఎక్స్‌గ్రేషియాతో సరిపెట్టడం ఇక చాలు.