పెరటి ముచ్చట్లు: ముందు బిందెలు లెక్కపెట్టండి!

మృగశిర కార్తె రాగానే ‘పెరట్లో ఏం పెట్టుకుందామా’ అన్న ఆలోచన మొదలవుతుంది కదా! ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. కాపురానికొచ్చిన కొత్తలో బండి మీద అమ్మొచ్చిన గులాబీ మొక్కలు ఆరు కొన్నాను. మాది కోడుమూరు. పక్కనే హంద్రీ ఉందన్న మాటే గానీ ఎండాకాలంలో కనిపించేది ఇసుకే. ఏప్రిల్‌కల్లా కుళాయి నీళ్ళు తగ్గాయి. “తాగేదానికే నీళ్ళు లేకపాయె, గులాబీలకు యాడ తెస్తావే?” అంది మా అత్తమ్మ. నాకు కోపమొచ్చి ఎదురు మాట్లాడాను. మే నెలకు మొక్కలూ ఎండాయి, నాలుగు రోజులు మా మధ్య మాటలూ లేవు.

అప్పట్నుంచి నాకొక లెక్క. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు రోజుకు ఎన్ని బిందెలు మిగులుతాయో వారం రోజులు చూసుకోండి. ఏడాది పొడుగునా ఉండే మొక్కల్ని మే నెల నీళ్ళను బట్టి ఎంచుకోవాలి. నాలుగు నెలల మొక్కల్ని వానను బట్టి ఎంచుకోవాలి.

ఏడాది పొడుగునా ఉండేవి: మునగ, కరివేపాకు, నందివర్ధనం చాలు. ఇవి వేళ్ళు పట్టాక నీళ్ళు ఎక్కువ అడగవు. తమిళనాడు పెరియకుళంలో తయారైన పి.కె.ఎం-1 మునగ గింజ వేస్తే ఏడాదిలోపే కాస్తుంది. మల్లె సరిగ్గా నీళ్ళు లేని రోజుల్లోనే పూస్తుంది. అందుకని ఒక్క చెట్టే, అదీ కూరగాయలు కడిగే చోట పెట్టుకోండి.

వానకు వేసేవి: గోరుచిక్కుడు, బెండ, గోంగూర. గోరుచిక్కుడు వాన ముఖం చాటేసినా తట్టుకుంటుంది, 50 రోజులకు అటూ ఇటూగా కాయ తెంపుకోవచ్చు. టమోటా, వంగ నారు పదేసి మొక్కలు చాలు. వాటి మధ్య బంతి నాటండి. దసరాకు గుమ్మానికి పూలూ వస్తాయి, నేలలో నులిపురుగూ తగ్గుతుంది. కాస్త నీడ పడే చోట కనకాంబరాలు పెట్టండి. ఈ పూలు తొందరగా వాడవు.

చిట్కా: రంగు వేయని మట్టికుండను మెడదాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టండి. చుట్టూ నాలుగు కాకర గింజలో, సొర గింజలో వేయండి. కుండ చెమర్చే నీళ్ళు నేరుగా వేళ్ళకే అందుతాయి.

జాగ్రత్త: నల్లరేగడి నేలైతే ఇసుక, పశువుల ఎరువు కలపండి. నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. సబ్బు నీళ్ళు ఆకుకూరలకు పోయొద్దు. చిన్నపిల్లలు, మేకలు ఉన్న ఇంట్లో గన్నేరు వద్దు, అది విషం.

పోయిన ఎండాకాలం ఒకరోజు బియ్యం కడిగిన నీళ్ళు పారబోయబోతుంటే మా అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. “ఆ నీళ్ళు నా మల్లెచెట్టుకు పోయమ్మా!” అంది. ‘నా’ మల్లెచెట్టట!

మీరూ బిందెలు లెక్కపెట్టి మొదలుపెట్టండి మరి. వచ్చే వారం గోరుచిక్కుడు కారం పొడి వేపుడుతో కలుద్దాం.