ప్రతిరక్షకాలు ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టేనా?

గత నెలలో ఒక మిత్రుడు నాకొక వీడియో పంపించారు. తమ మందు ఆరు నెలలు వాడిన హెచ్‌ఐవి రోగి రక్తంలో ప్రతిరక్షకాలు, అనగా యాంటీబాడీలు, దండిగా పెరిగాయనీ, ఇక అతనికి జీవితాంతం మాత్రలు మింగే అవస్థ తప్పినట్టేననీ అందులోని పెద్దమనిషి సెలవిచ్చాడు. ఆ మాటలు నమ్మి ఏఆర్‌టి మందులు మానివేసిన వారు ఎందరో తెలియదు. ఒక్కరున్నా ఎక్కువే.

ఈ మోసానికి పునాది ఒక అర్ధసత్యం. తట్టు వంటి వ్యాధులలో ప్రతిరక్షకాలు మనను కాపాడే మాట నిజమే. కోవిడ్ రోజులలో యాంటీబాడీ పరీక్ష చేయించుకొని, వచ్చిన అంకె చూసి మురిసిపోయిన వారిని మనమందరం చూశాం. ఆ లెక్కను హెచ్‌ఐవికి అన్వయించడమే తప్పు. ఐసీటీసీ కేంద్రంలో ‘పాజిటివ్’ అని చెప్పేది ఈ ప్రతిరక్షకాలను చూసే కదా! ఎయిడ్స్‌తో మరణించిన వారి రక్తంలోనూ అవి ఉండేవి. అవి వైరస్ ప్రవేశించిందనడానికి సాక్ష్యమే గాని, అదుపులో ఉందనడానికి హామీ కాదు.

కారణం వైరస్ నిర్మాణంలోనే ఉన్నది. దాని పైపొరలోని జీపీ120 అనే ప్రోటీన్‌ను చక్కెర అణువులు దట్టంగా కప్పి ఉంచుతాయి. ప్రతిరక్షకానికి పట్టు దొరకడమే కష్టం. దొరికినా, అది సిద్ధమయ్యే లోపల వైరస్ తన రూపు మార్చుకుంటుంది. నిన్నటి వైరస్‌ను అణచగల ప్రతిరక్షకం నేటి వైరస్ ముందు నిస్సహాయం. అనేక రకాల హెచ్‌ఐవిని అణచగల విశేష ప్రతిరక్షకాలు కొద్దిమందిలో, అదీ ఏళ్ల తరబడి వ్యాధి సోకి ఉన్న తరువాత, పుడతాయి. వాటిని పుట్టించుకున్న రోగికే అవి సాధారణంగా అక్కరకు రావు.

ఇక్కడ నాకు ఒక పాత సంగతి గుర్తుకు వస్తున్నది. నేను ప్రభుత్వ సర్వీసులో ఉన్న రోజులలో ఒక యువకుడు రెండు వెస్టర్న్ బ్లాట్ నివేదికలు పట్టుకొని వచ్చాడు. ఆ పరీక్షలో వైరస్‌కు చెందిన ఒక్కొక్క ప్రోటీన్‌ మీద తయారైన ప్రతిరక్షకం ఒక్కొక్క గీతగా కనిపిస్తుంది. మొదటి దానిలో స్పష్టంగా ఉన్న పి24 గీత రెండవ దానిలో దాదాపు మాసిపోయింది. “ఒక గీత పోయింది, మిగిలినవీ పోతాయి” అని అతనికి మందు అమ్మినవాడు చెప్పాడట. అసలు సంగతి దానికి పూర్తిగా విరుద్ధం. పి24 వైరస్ లోపలి పెంకులోని ప్రోటీన్. దానికి ఎదురైన ప్రతిరక్షకాలు తగ్గిపోవడం వ్యాధి ముదురుతున్నదనడానికి గుర్తు అని 1980ల నుంచే వైద్యలోకానికి తెలుసు. సీడీ4 కణాలు నశించే కొద్దీ ఆ ప్రతిరక్షకాలను తయారుచేయించే శక్తి కూడా నశిస్తుంది. పతనాన్ని చూపి స్వస్థత అని అమ్ముకున్నారు! అప్పటికి మన దగ్గర ఉచిత ఏఆర్‌టి లేదు. గనుక ఆ యువకుణ్ణి నేను తప్పుపట్టలేను. అయితే ‘పాజిటివ్’ అనే ఒక్క మాట చెప్పి పంపివేసిన మా వైద్యుల తప్పు కూడా ఇందులో ఉన్నది.

మరొక మాయ పసిపిల్లల పేరిట జరుగుతుంది. హెచ్‌ఐవి ఉన్న తల్లికి పుట్టిన శిశువు రక్తంలో తల్లి ప్రతిరక్షకాలే తిరుగుతుంటాయి. వ్యాధి సోకని బిడ్డకు కూడా పరీక్ష పాజిటివ్‌గా వస్తుంది. సుమారు పద్దెనిమిది నెలలు నిండేసరికి అవి వాటంతటవే తొలగిపోతాయి. ఆ ఘనతను తన లేహ్యానికి కట్టబెట్టుకునే వాడికి ఖర్చేమున్నది? అందుకే శిశువులకు వైరస్‌నే నేరుగా వెదికే పరీక్ష చేస్తారు.

శాస్త్రం ప్రతిరక్షకాలను చిన్నచూపు చూస్తున్నదని అనుకోవద్దు. థాయిలాండ్‌లో పదహారు వేలకు పైగా వాలంటీర్లపై జరిగిన టీకా ప్రయోగం 2009లో సుమారు 31 శాతం రక్షణ చూపింది. జీపీ120లోని ఒక భాగానికి ఎదురైన ప్రతిరక్షకాలకు అందులో పాత్ర ఉండవచ్చునని తేలింది. ఆ ఆశతోనే దక్షిణాఫ్రికాలో చేపట్టిన ప్రయోగాన్ని, ఫలితం కనిపించక, 2020లో నిలిపివేశారు. ప్రపంచపు ఉత్తమ ప్రయోగశాలలు ఇన్నేళ్లుగా సాధించలేని దానిని ఒక డబ్బాలోని చూర్ణం సాధించిందట! ఆయుర్వేదాన్ని నేను నిందించడం లేదు. ఆ పేరు చెప్పి జరిగే వ్యాపారాన్ని నిందిస్తున్నాను. ఎయిడ్స్‌ను నయం చేస్తుందని ఏ మందు గురించీ చెప్పుకోకూడదని మన ఔషధ నియమాలలోని షెడ్యూల్ జె స్పష్టంగా నిషేధిస్తున్నది. ఆ నిషేధం కాగితం మీద భద్రంగానే ఉన్నది.

మందులు వాడకుండానే వైరస్‌ను అదుపులో ఉంచుకోగలిగిన వారు లేరా అంటే, ఉన్నారు. నూటికి ఒకరి కంటే తక్కువ. వారిలోనూ ప్రధానంగా పనిచేసేది ప్రతిరక్షకాలు కావు, వ్యాధి సోకిన కణాలను చంపే టి కణాలు. కొందరిలో దానికి జన్యువులు తోడ్పడతాయి. అది కొని తెచ్చుకునేది కాదు. మిగిలిన వారికి మాత్రలే శరణ్యం. సీడీ4 బాగుందని చికిత్సను మధ్యలో ఆపితే ఏమవుతుందో 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనం తేల్చింది. అలా ఆపిన వారిలో అవకాశవాద వ్యాధులు గాని మరణం గాని సంభవించే ప్రమాదం రెండున్నర రెట్లకు చేరింది.

కాబట్టి ఎవరైనా మీకు ప్రతిరక్షకాల అంకె చూపితే, వైరల్ లోడ్ ఎంత అని అడగండి. ఆ పరీక్ష ఏఆర్‌టి కేంద్రాల ద్వారా ఉచితంగానే జరుగుతుంది. నేను ఆ వీడియో పెద్దమనిషికి అదే ప్రశ్న రాసి పంపాను. సమాధానం రాలేదు, నా వ్యాఖ్యను మాత్రం తొలగించారు.