పెన్ డ్రైవ్ పనికి ఆరొందలు ఎందుకియ్యాల?

పోస్ట్ పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పెద్దపంజాణి మండలం తండాల నుంచి, యానాది కాలనీల నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం పిల్లోళ్ళం మేము. మా రూములో ఐదుగురికీ ఒకటే పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. ఒకరోజు ఆన్ కాలేదు. షాపుకి ఎత్తకపోతే "ఓఎస్ పోయింది, ఆరొందలు" అన్నారు. మా అమ్మోళ్ళ కూలి దుడ్లవి. ఇచ్చినాం. మూడు నెలలకి మళ్ళీ మొదటికొచ్చింది. ఎక్కించింది దొంగ విండోస్ అని అప్పుడు తెలిసింది.

రెండోసారి షాపుకి పోలేదు, మేమే కూర్చున్నాం. లినక్స్ మింట్ ఐఎస్ఓ ఫైలు దించుకొని, పాట కాపీ చేసినట్టు పెన్ డ్రైవ్‌లో వేసినాం. ఏమీ రాలేదు. విత్తనాల మూటను మూటగానే చేనులో పెట్టొస్తే మొలుస్తుందా? ఐఎస్ఓ అంటే ఒక డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా కట్టిన మూట. దాన్ని విప్పి, కంప్యూటర్ బూట్ అయ్యేటట్టు రాయాల. విండోస్‌లో ఆ పని రూఫస్ చేస్తుంది. 8 జీబీ పెన్ డ్రైవ్ పెట్టి, ఫైలు చూపించి, స్టార్ట్ నొక్కడమే. కంప్యూటరే లేనోళ్ళు ఓటీజీ పెట్టుకొని ఆండ్రాయిడ్ ఫోన్లో ఎచ్‌డ్రాయిడ్ యాప్‌తో లినక్స్ ఐఎస్ఓ రాసుకోవచ్చు. తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తానే బూట్ మెనూ కీ నొక్కాల. డెల్‌కి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్ డ్రైవ్ మీద నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్ జోలికి పోదు.

ఒక్క జాగ్రత్త. రాసేటప్పుడు పెన్ డ్రైవ్‌లో ఉండేదంతా తుడిచిపెట్టుకు పోతుంది. మాలో ఒకరి కులం సర్టిఫికెట్, టెన్త్ మెమో స్కాన్లు అట్లనే పోయినాయి. మీసేవ చుట్టూ మళ్ళీ తిరిగినాం.

ఇప్పుడు మా కోపం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలంట, పాత మిషన్లలో చానా వాటికి అది లేదు. ఆ మాట పట్టుకొని ఇంక స్క్రాపే అంటున్నారు. మా సీనియర్ల హాస్టల్లో కంప్యూటర్లు తాళమేసిన గదిలో దుమ్ము పట్టి ఉండాయి. వాటికి పట్టింది రోగం కాదు సార్, వాటిని ఆన్ చేసి చూసే మనిషి లేడు!

"లినక్స్ మనోళ్ళకి కష్టం" అంటారు కొందరన్నలు. ఎవరికి కష్టం? కేరళ సర్కారు బడుల్లో పిల్లకాయలు ఏండ్లుగా దాని మీదనే నేర్చుకుంటున్నారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్ళు తెలుగులోనే తెచ్చినారు. సి, పైథాన్, జావా ల్యాబ్ పనులన్నీ మేము దాంట్లోనే చేస్తున్నాం. బీకాం వాళ్ళకి ట్యాలీ దగ్గర ఇబ్బందే, అది ఒప్పుకుంటాం. కానీ ఆ ఒక్కదాని కోసం అందరం ఆరొందలు కట్టాల్నా? మనకి రాదని ముందే తీర్మానం చేసేది ఊరోళ్ళు మాత్రమే కాదు, మనోళ్ళు కూడా. అదే ఎక్కువ మండుతుంది.

ఈ ఆదివారం మా రూములో రెండు పెన్ డ్రైవ్‌లు రాసి పెట్టుంటాం. చెడిపోయింది అన్న ల్యాప్‌టాప్ ఏదైనా తీసుకురండి. చార్జర్ మర్చిపోవద్దు, మా దగ్గర ఒకటే ఉండాది.