ఒకే లెక్క, రెండు మాటలు

అడవులదీవిలో మొన్న మధ్యాహ్నము నేనును మా కోడలును చెరియొక సెల్‌ఫోను పట్టుకొని, మనస్తత్వ పరిశోధకుల ప్రశ్నలకు జవాబు లిచ్చితిమి. 600 మంది ప్రాణాపాయమున నున్నారు. మొదటి యుపాయమున 200 మంది తప్పక బ్రదుకుదురు. రెండవదానియం దందఱును బ్రదుకుటకు మూడింట నొకపాలు అవకాశము, తప్పినచో నొక్కరును మిగులరు. నేను మొదటిదే కోరితిని. "అత్తయ్యా, 400 మందిని చంపుకొందురా!" యని కోడలు రెండవదానిని పట్టెను. తీరా చూడగా నా ఫోనున "బ్రదుకుదురు" అనియు, ఆమె ఫోనున "చత్తురు" అనియు నున్నది, లెక్క యొక్కటియే!

1981లో ట్వెర్‌స్కీ, కానెమన్ అను పండితు లిట్లే యడుగగా, బ్రదుకుమాట విన్నవారిలో నూటికి 72 మంది నా పక్షము, చావుమాట విన్నవారిలో 78 మంది కోడలి పక్షము. తుపాను కబురు వచ్చినపు డిల్లు విడుతుమా, ఉందుమా యని తర్కించు మన తీరమున నిది వేడుక ప్రశ్నయా?

జవాబులకు ముందు సమ్మతిపత్రము చదువుకొనుడు. నడుమ మానుకొనుటకు మీకు హక్కు కలదు. ఓటీపీ యడిగినవారు పరిశోధకులు కారు.