పొగ లేని కారు, బూడిద పడే వాడ

(వాడ లెక్కలు – 9)

పోయిన నెల కరీంనగర్‌లో మీటింగ్ ఉంటే ఒక మిత్రుడు తన కొత్త కారులో తీసుకుపోయాడు. ఆకుపచ్చ నంబర్ ప్లేటు. చప్పుడు లేదు, పొగ లేదు. మంచి మనిషి, అడగకుండానే మన మీటింగులకు చందా ఇచ్చే మనిషి. దారి పొడుగునా ఒకటే మాట: "అన్నా, కిలోమీటరుకు రూపాయి పావలా పడుతుంది. పైగా క్లీన్. మనసుకు కూడా హాయి."

నేను ఊ కొట్టాను. ఒకరి కారులో కూర్చుని వాళ్లతోనే కొట్లాడటం మర్యాద కాదు. కానీ ఆ "క్లీన్" అనే మాట చెవిలో ఉండిపోయింది. మడి, మైల అనే మాటలు వింటూ పెరిగినోళ్లం కదా. ఎవరైనా మడిగా ఉన్నామంటే ఆ మైల ఎవరి వాకిట్లోకి పోయిందో వెతకడం మనకు అలవాటు.

ముందే చెబుతున్నా, నేను ఎలక్ట్రిక్ కారుకు వ్యతిరేకిని కాదు. "మన కరెంటంతా బొగ్గుదే, అందుకని ఎలక్ట్రిక్ కారు వేస్ట్" అని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు. లెక్క చూద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారయితే కిలోమీటరుకు 150 గ్రాములు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనుక సగటున 700 గ్రాములకు పైగా ఉంది, ఎందుకంటే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తుంది. ఆ యూనిట్‌తో చిన్న ఎలక్ట్రిక్ కారు ఏడు కిలోమీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకు 100 గ్రాములు. లైన్లలో, ఛార్జింగులో పోయే కరెంటు కలిపితే ఇంకో ఇరవై అనుకోండి. బ్యాటరీ తయారీతో సహా అన్నీ కలిపి 2021లో ఐసీసీటీ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క కట్టింది. మన దేశంలో ఎలక్ట్రిక్ కారు తన జీవితకాలంలో పెట్రోలు కారు కంటే 19 నుంచి 34 శాతం తక్కువ కార్బన్ వదులుతుందని తేల్చింది. యూరప్‌లో ఆ తేడా 66 నుంచి 69 శాతం. అక్కడి కరెంటులో బొగ్గు తక్కువ మరి.

కాబట్టి భూగోళం లెక్కలో లాభమే. ఒప్పుకుందాం. కానీ ఆ లెక్కలో ఉన్నది కార్బన్ ఒక్కటే. అది ఎక్కడ వదిలినా ప్రపంచమంతా కలిసిపోతుంది. బూడిద అలా కలవదు. అది చిమ్నీ పక్కన ఉన్నవాడి మీదే పడుతుంది.

మా మేనత్త ఊరు ఒక థర్మల్ కేంద్రం బూడిద చెరువుకు దగ్గర. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, వంద కిలోలు కాలిస్తే ముప్పై నలభై కిలోలు బూడిదే మిగులుతుంది. దాన్ని నీళ్లలో కలిపి పైపుల గుండా చెరువులోకి తోలుతారు. ఎండాకాలం చెరువు ఎండుతుంది, గాలి లేస్తుంది. ఆరేసిన చీరె మీద, మంచినీళ్ల బిందె మీద, అన్నం గిన్నె మీద అదే. చెరువుకు దగ్గరగా ఉన్నది ఊరు కాదు, వాడ. ఈ మధ్య ఫోన్ చేసి నా మిత్రుడి కారు సంగతి చెప్పాను. "పొగ లేకుంటే మంచిదే గదా అల్లుడా, పట్నపోళ్లు సల్లగ ఉండాలె. మా దిక్కు పొద్దుకు రెండుసార్లు ఊడ్సినా పోతలేదు, గది ఎవ్వలదో అడుగు జర" అన్నది.

అడుగుదాం. 2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ ఇంతకు మించకూడదని హద్దు పెట్టింది. దాని కోసం పొగను కడిగే యంత్రాలు పెట్టాలి. రెండేళ్ల గడువు ఇచ్చారు. ఆ గడువు జరుగుతూ జరుగుతూ 2025 జూలై దాకా వచ్చింది. అప్పుడు అసలు సంగతి తేలింది. పది లక్షల జనాభా దాటిన నగరానికో, ఢిల్లీ రాజధాని ప్రాంతానికో పది కిలోమీటర్ల లోపల ఉన్న కేంద్రాలు తప్పకుండా యంత్రాలు పెట్టాలి. బాగా కాలుష్యం ఉందని గుర్తించిన ప్రాంతాల దగ్గరివి ఒక్కొక్కటి చూసి చెబుతారు. మిగిలినవాటికి, అంటే దాదాపు 78 శాతానికి, చిమ్నీ తగినంత ఎత్తు ఉంటే చాలు, యంత్రాలు అక్కర్లేదు.

మన బొగ్గులో సల్ఫర్ తక్కువ, యంత్రాలు పెడితే కరెంటు ధర పెరుగుతుంది, ఇదీ ప్రభుత్వం వైపు వాదన. సరే. సల్ఫర్ తక్కువయితే నగరం పక్కన కూడా తక్కువే కదా? అక్కడ మాత్రం యంత్రం ఎందుకు పెట్టాలి? ధర పెరుగుతుందని వాడ పక్కన ఎందుకు వదిలేయాలి? ఊరి గాలి వాడ మీదికి రావచ్చుగానీ వాడ గాలి ఊరి మీదికి పోగూడదని చూసి మనోళ్లకు జాగ చూపించారని మా తాత చెప్పేవాడు. ఇప్పుడు ఆ గీత గెజిట్‌లో కిలోమీటర్లలో రాసి ఉంది. పెట్టని ఆ యంత్రం ఖర్చు ఎక్కడికీ పోలేదు. మా అత్త ఊపిరిలో ఉంది. ఆ ఖర్చు కలపలేదు కాబట్టే నా మిత్రుడికి కిలోమీటరు రూపాయి పావలాకు వస్తోంది.

ఇప్పుడు ఆ రూపాయి పావలా కూడా అందరికీ వస్తోందా అనేది చూద్దాం.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ క్యాబ్ నడుపుతాడు. లోన్ మీద తీసుకున్నాడు. రోజుకు 180 కిలోమీటర్లు తిరుగుతాడు, అంటే 26 యూనిట్లు. సొంత ఇల్లు, ఇంటి ముందు జాగ, గోడకు ప్లగ్గు ఉంటే యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా 234 అవుతుంది. వీడుండేది బస్తీలో ఒక్క గది. ఆ గల్లీలోకి కారు రాదు. బయట ఫాస్ట్ ఛార్జింగ్‌లో వాడికి యూనిట్ 20 పడుతోంది. రోజుకు 520. తేడా 286. నెలకు పాతిక రోజులు నడిపితే ఏడు వేల పైమాట, ఏడాదికి ఎనభై అయిదు వేలు. పైగా లైన్‌లో నిలబడి, ఛార్జింగ్ ఎక్కేదాకా కూర్చుని రోజుకు రెండు గంటలు. ఆ రెండు గంటలకు కిరాయి ఉండదు.

"పార్కింగ్ ఉన్న ఇల్లు చూసుకోరాదురా" అన్నాను.

"చూసిన మామా. మూడు ఇండ్లు చూసిన. కిరాయి కుదిరింది, అడ్వాన్స్ కుదిరింది. ఆఖరికి 'మీరేమోళ్లు' అని అడిగిన్రు."

ఇక నేను అడగలేదు. వాడూ చెప్పలేదు.

పెట్రోలు బండితో పోలిస్తే వాడికీ మిగులుతోంది, అది నిజం. లీటరు 107 లెక్కన అదే 180 కిలోమీటర్లకు పన్నెండు వందలు దాటుతుంది. అందుకే వాడు ఆ బండి వదలడు, వదలమని నేనూ చెప్పను. నేను చెప్పేది ఒకటే. కారు నడిపే ఖర్చును తేల్చేది కరెంటు కాదు, జాగ. జాగను తేల్చేది ఈ దేశంలో ఏమిటో మీకు చెప్పాల్సిన పని లేదు. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే నా మిత్రుడికి చవక కరెంటు, 180 తిరిగే మా పిలగాడికి ఖరీదు కరెంటు.

ప్రభుత్వం చేయి ఎటు ఉందో కూడా చూడండి. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. పదిహేను లక్షల కారు కొన్నాయనకు రెండు లక్షలకు పైగా మిగిలినట్టు. మా పిలగాడి క్యాబ్‌కూ మాఫీ వచ్చింది, కాదనను. కానీ కారు ధర పెరిగేకొద్దీ మాఫీ పెరుగుతుంది. బస్తీలో ప్లగ్గు మాత్రం పెరగదు. ఇక బస్సుల సంగతి. 2019లో హైదరాబాద్‌కు మొదటి 40 ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినప్పుడు అవి నడిచింది ఎయిర్‌పోర్ట్ దారిలో. కూలీ అడ్డా దారిలో కాదు.

"అభివృద్ధికి అడ్డం పడుతున్నావు" అనే కామెంట్ వస్తుందని తెలుసు. వాళ్ల కోసం ఒక మాట. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న బాబాసాహెబ్ చేతిలోనే కరెంటు విధానం కూడా ఉండేది. 1943 అక్టోబర్‌లో విద్యుత్ విధాన కమిటీ ముందు మాట్లాడుతూ ఆయన అడిగింది చవకగా, పుష్కలంగా దొరికే కరెంటు. ఎందుకు? పరిశ్రమలు వస్తే పేదరికం అనే గుంత నుంచి జనం బయటపడతారని. కరెంటు అనేది మన ఎజెండా. ఎవరి కోసం అనే ప్రశ్న కూడా ఆ రోజు నుంచే మన ఎజెండా.

కాబట్టి అడగాల్సినవి నాలుగు.

పది కిలోమీటర్ల గీత తీసేయాలి. చిమ్నీ పక్కన పల్లె ఉన్నా పట్నం ఉన్నా యంత్రం పెట్టాలి. ధర పెరిగితే ఎక్కువ కరెంటు వాడేవాడి బిల్లులో పెరగనివ్వండి.

సొంతానికి కొనే ఖరీదైన కార్లకు మాఫీ ఆపి, ఆ డబ్బుతో బస్తీల్లో, డబుల్ బెడ్‌రూమ్ కాలనీల్లో, ఆటో స్టాండ్లలో ఇంటి రేటుకే ఛార్జింగ్ పెట్టాలి.

ఎస్సీ కార్పొరేషన్ లోన్ మీద ఎలక్ట్రిక్ ఆటో ఇస్తే బండి ఒక్కటే కాదు, దాన్ని ఛార్జ్ చేసుకునే జాగ కూడా ఇవ్వాలి.

కొత్త ఎలక్ట్రిక్ బస్సు ముందు పల్లె దారిలో, కూలీ దారిలో తిరగాలి. ఒక బస్సు నలభై మందికి ఊపిరి.

నా మిత్రుడు ఇది చదువుతాడు. అన్నా, నీ కారు మీద నాకు కోపం లేదు, మళ్లీ రమ్మంటే మళ్లీ ఎక్కుతా. ఈసారి కరీంనగర్ దాటి ఇంకొంచెం ముందుకు పోదాం. మా అత్త వాకిట్లో నీ తెల్ల కారును ఒక్క రాత్రి నిలబెడదాం. పొద్దున్నే లేచి అద్దం మీద వేలితో గీసి చూడు. అప్పుడు చెప్పు, క్లీన్ అంటే ఏమిటో.

వచ్చే ఆదివారం: పాత బ్యాటరీలు విప్పేది ఎవరి చేతులు?

జై భీమ్.