గాల్లో 290 కి.మీ.కు గంట ఎందుకు?

విశాఖ నుంచి విజయవాడకు గాల్లో సూటి దూరం సుమారు 290 కిలోమీటర్లు. ప్రాంతీయ మార్గాల్లో ఎక్కువగా తిరిగే ఏటీఆర్‌-72 విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాలం-దూరం లెక్కలు రోజూ చేసేవాళ్లు 35 నిమిషాలని టక్కున చెప్పేస్తారు. టికెట్‌ మీద మాత్రం గంటకు అటూ ఇటూగా ఉంటుంది. మిగతా పాతిక నిమిషాలు ఏమైనట్టు?

టికెట్‌ మీద ఉండేది ‘బ్లాక్‌ టైమ్‌’. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు, దిగాక మళ్లీ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నెమ్మదిగా పోవాలి, పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు, దిగేముందు వరసలో ఆగాల్సి రావచ్చు. ఈ అదనపు సమయం 300 కిలోమీటర్లకైనా 1,500 కిలోమీటర్లకైనా పెద్దగా మారదు. అంటే దూరం తగ్గేకొద్దీ విమానం లాభం కరిగిపోతుంది.

విజయవాడలో ఇంటర్వ్యూ ఉందనుకోండి. విశాఖలో ఇంటి నుంచి విమానాశ్రయానికి అరగంట. గంట ముందే కౌంటర్‌ మూసేస్తారు కాబట్టి గంటంపావు ముందుండాలి. ప్రయాణం గంట. బయటికి రావడానికి ఇరవై నిమిషాలు, గన్నవరం నుంచి ఊళ్లోకి నలభై. మొత్తం మూడుముప్పావు గంటలు. తెల్లవారుజామున బయలుదేరే వందే భారత్‌ సుమారు నాలుగు గంటల్లో ఊరి నడిబొడ్డున దింపుతుంది. స్టేషన్‌ రాకపోకలు కలిపితే ఐదు గంటలనుకుందాం. విమానంతో మిగిలేది గంటంపావు! ఉద్యోగం రాకముందు ఆ గంటంపావుకి అంత డబ్బు పెట్టాలా అన్నది ఎవరి జేబును బట్టి వాళ్లిష్టం. పైగా విశాఖ నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని భోగాపురం నుంచి ఎక్కాల్సి వస్తే అదీ చాలావరకు పోతుంది.

ఉడాన్‌ పథకాన్ని ఈ కోణంలో చూసినవాళ్లు తక్కువ. 2017 ఏప్రిల్‌ 27న ప్రధాని సిమ్లా-దిల్లీ విమానంతో పాటు కడప-హైదరాబాద్‌, నాందేడ్‌-హైదరాబాద్‌ మార్గాలను ప్రారంభించారు. సుమారు 500 కిలోమీటర్ల, గంట ప్రయాణానికి కొన్ని సీట్లు రూ.2,500కే ఇవ్వాలి, వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. మరి ఆ తర్వాత? కాగ్‌ 2023 నివేదిక ప్రకారం, మూడో విడత దాకా ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తిగా నడిచినవి 112.

అలాగని పథకమే దండగ అనడం తొందరపాటు. 2021 మార్చి 28న ఓర్వకల్లు నుంచి మొదలైన కర్నూలు-విశాఖ సర్వీసు సంగతి చూడండి. సూటి దూరం దాదాపు 580 కిలోమీటర్లు, బస్సులో అయితే రాత్రంతా కూర్చోవాలి. అక్కడ ఆదా అయ్యేది గంట కాదు, ఒక పూట. ‘ప్రతి జిల్లాకూ విమానాశ్రయం’ అని గ్రూప్‌ డిస్కషన్‌లో అంశం వస్తే అవునూ కాదూ అని వాదించే ముందు ‘ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత దూరం?’ అని అడగండి. చర్చ అక్కడే మలుపు తిరుగుతుంది.

లెక్కల పేపర్‌ రాసేవాళ్లకు ఇంకో మాట. ఆకాశంలో దూరాన్ని నాటికల్‌ మైళ్లలో కొలుస్తారు, ఒక నాటికల్‌ మైలు 1.852 కిలోమీటర్లు. అలా చూస్తే మన 290 కిలోమీటర్లు 157 నాటికల్‌ మైళ్లు, ఏటీఆర్‌ వేగం 270 నాట్లు. ఇప్పుడు భాగించి చూడండి, మళ్లీ అదే 35 నిమిషాలు వస్తుంది.