జైలు గోడల మధ్య వృద్ధాప్యం

పార్కిన్సన్స్ వ్యాధితో వణికే చేతులు గ్లాసును పట్టలేవు. భీమా కోరేగావ్ కేసులో తలోజా జైలుకు చేరిన 83 ఏళ్ళ స్టాన్ స్వామి 2020 నవంబరులో న్యాయస్థానాన్ని కోరినది ఒక స్ట్రా, ఒక సిప్పర్ కప్పు. దానికీ వాయిదాలే! 2021 జూలై 5న, బెయిలు రాకుండానే, విచారణ ఖైదీగానే ఆయన ముంబయి ఆసుపత్రిలో కన్నుమూశారు.

అదే కేసులో, అదే జైలులో ఉండగా మన వరవరరావు గారికి 2020లో కోవిడ్ సోకింది. 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఆరు నెలలకు వైద్య బెయిలు ఇచ్చింది. గడువు లేని బెయిలుకై 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసివచ్చింది.

వీరి రాజకీయాలు మీకు సమ్మతం కాకపోవచ్చు. అది వేరే చర్చ. దేశమెరిగిన కవికే ఇంత కాలం పడితే, వకీలును పెట్టుకొనే స్తోమత లేని ముసలి ఖైదీ గతి ఏమిటన్నదే నా ప్రశ్న. నేరం రుజువైనవాడు సైతం కోల్పోవలసినది స్వేచ్ఛను మాత్రమే, మందుబిళ్ళను కాదు.

2007 నాటి చట్టం 60 ఏళ్ళు నిండినవారిని వయోవృద్ధులుగా గుర్తిస్తుంది. జైలు గేటు దాటగానే ఆ వయసు తరిగిపోతుందా? వైద్య పరీక్ష, మందులు, కూర్చొనే మరుగుదొడ్డి, పట్టుకొని లేపే మనిషి... వీటికోసం కోర్టుకు అర్జీ పెట్టుకోవలసిన అగత్యమేమిటి? ఖైదు చేసిన ప్రభుత్వమే అడగకముందే సమకూర్చవలెను. కాదనేవారు వాదించండి, వింటాను.